నీటి బరువు

మాచర్ల దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజుల్లో దేవదానం అక్కడి ప్రయోగశాలలో ఇంజనీరు. గోడ మీద నీళ్లు మోపే బరువు కొలవాలని లోపల పెట్టిన పరికరాలు తడి సున్నానికి నెలల్లోనే పాడయ్యేవి. అతను లక్క, రబ్బరు, కాల్చిన మట్టితో ఏళ్ల తరబడి కుస్తీపట్టి, చెమ్మ దూరని పూత ఒకటి తయారుచేశాడు. ఆ పూత పూసిన పరికరాలనే గోడలో పెట్టి కట్టేశారు.

పందొమ్మిది వందల అరవై ఆరులో నీళ్లు నిలపడం మొదలైంది. మునిగే ఊళ్లలో అతని ఊరూ ఒకటి. జనం ఎప్పుడో ఖాళీ చేసి పోయారు. వాళ్లమ్మ సమాధి మాత్రం చర్చి వెనకాలే ఉండిపోయింది.

గోడ మీద నీటి బరువు పెరిగేకొద్దీ, ఆ పరికరాలకు కలిపిన ప్రయోగశాల మీటరులో ముల్లు పైకి జరిగింది. "నీ పూత నిలబడిందయ్యా!" అని పై అధికారి భుజం తట్టి మిఠాయి పంచాడు. దేవదానం తిన్నాడు. తీపి తెలియలేదు.

ఆ సాయంత్రం మాచర్ల నుంచి అక్క రూతమ్మ వచ్చింది.

"ఒరేయ్, నీళ్లు అమ్మ కాడికి వచ్చినయ్యా?"

ముల్లును బట్టి నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అతనికి తెలుసు. "నిన్ననే మునిగిందక్కా," అన్నాడు.

రూతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి తమ్ముడి మొహం చూసి, "నీకు ఏడుపు రావట్లేదేందిరా?" అంది.

"రావట్లేదక్కా. ఎందుకో నాకూ తెలీదు."

మరుసటేడు విమానాలు తయారుచేసేవాళ్లు పనికి బెంగుళూరు పిలిస్తే వెళ్లాడు. అక్కడా కొత్త పూతలు కనిపెట్టాడు, మంచి పేరొచ్చింది. క్రిస్మస్‌కి ఊరికి రారా అని అక్క కబురు పెడితే, ఏ ఊరికో తోచక ఊరుకునేవాడు.