మరదలు ఇచ్చిన పాత లాప్‌టాప్

లాప్‌టాప్‌ను భోజనాల బల్ల మీద బోర్లా పెట్టి, ఎటువైపు నుంచి విప్పాలో తెలియక డ్రైవరు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. అందరూ అతన్ని ఇంకా డ్రైవరనే పిలుస్తున్నారు గానీ, అతను స్టీరింగు వదిలి రెండు నెలలు దాటింది.

అది అతను చేజేతులా తెచ్చుకున్నదే. ఒకరోజు పొద్దున, నిండా జనంతో బస్సు వంతెన దిగి కూడలి దగ్గరికి వస్తుండగా ఎడమ మోకాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. క్లచ్ తొక్కుదామంటే కాలు మాట వినలేదు. బ్రేకు మీద బ్రేకు వేస్తే బస్సు రెండు మూడు కుదుపులు కుదిపి, కూడలి నడిమధ్యన ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ప్రయాణికులు నాలుగు తిట్లు తిట్టి సర్దుకున్నారు. బస్సుదే లోపమని కండక్టరు కూడా అనుకున్నాడు. ఆ మాటకు ఊఁ కొట్టి ఊరుకుంటే సరిపోయేది. అతను మాత్రం బండి డిపోలో పెట్టి, నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి, "సార్, లోపం బండిది కాదు, నా కాలిది" అని చెప్పేశాడు.

పరీక్షలు జరిగాయి. బండి నడపడానికి పనికిరాడని తేల్చారు. ఇక మిగిలినవి రెండే దారులు. గేటు దగ్గర కాపలా ఒకటి, రెండో అంతస్తులో ఉన్న కంప్యూటర్ల సెక్షన్ ఒకటి. గేటు దగ్గర రోజంతా నిలబడాలి. సెక్షన్‌లో కూర్చునే పనే గానీ, అక్కడి అధికారిణి వచ్చినవాళ్ళనందరినీ తీసుకునే మనిషి కాదు.

"ఎప్పుడైనా కంప్యూటరు విప్పారా?" అని అడిగిందామె.

"ముట్టుకోను కూడా లేదు మేడం."

"అయితే పాడైపోయిన మెషీను ఒకటి సంపాదించండి. మీ చేత్తో మీరే విప్పి, బతికించి తీసుకురండి. అప్పుడు మాట్లాడదాం. పుస్తకాలు చదివి వస్తే నాకు ఉపయోగం లేదు."

అలా వచ్చింది ఈ లాప్‌టాప్. రెండు వీధుల అవతల ఉండే మరదలిది. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. అక్క పెళ్ళినాటికి ఆమె ఇంకా పరికిణీల పిల్ల. అందుకే బావతో చనువెక్కువ, నోట్లో నువ్వుగింజ నానదు.

"ఇదిగో బావా, ఇది చచ్చి రెండేళ్ళయింది. అటక మీదే ఉంది. నువ్వు బతికిస్తే పుణ్యం, చంపితే పాపం లేదు."

"ఏమైంది దీనికి?"

"అది తెలిస్తే నీకెందుకిస్తాను? ఒకరోజు మూసి పడుకోబెట్టాను, లేవలేదు. నీ బస్సులాగే అనుకో."

ఆ మాట అనేశాక నాలిక కరుచుకుని అక్క వైపు చూసింది. అక్క మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

డ్రైవరు భార్య పెద్దాసుపత్రిలో నర్సు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. మొగుడు డిపోలో నిజం చెప్పి వచ్చిన సాయంత్రం ఆమె అన్నది ఒకే ఒక్క మాట. "వెళ్ళి చెప్పేశారా!" అంది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. ఆమె పోట్లాడి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది. అన్నం వడ్డిస్తోంది, చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది, అడిగినదానికి జవాబిస్తోంది. తనంతట తానుగా మాట్లాడటం మాత్రం లేదు.

అడుగున స్క్రూలన్నీ తీసేసరికి డ్రైవరు మెడ పట్టేసింది. పెద్ద చక్రం తిప్పడానికి అలవాటుపడ్డ చేతులవి. గోధుమగింజంత స్క్రూను రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే, పట్టుకున్నట్టే తెలియడం లేదు. ఒకటి కిందపడి బల్ల కిందికి దొర్లింది. మోకాలు వంచి కింద కూర్చోలేడు గనక, చీపురుతో ఊడ్చి పైకి తెచ్చుకున్నాడు. ఫోనులో ఎవరో కుర్రాడు పాఠం చెబుతున్నాడు. "ఇప్పుడు సింపుల్‌గా ఈ కవర్ తీసేస్తే చాలు ఫ్రెండ్స్" అంటూ చిటికెలో తీసేశాడు. ఇక్కడ అది ఊడి రావడానికి సగం సాయంత్రం పట్టింది. ఊడేటప్పుడు టక్కుమని ఏదో విరిగింది. కీబోర్డు పట్టీని బిగించి ఉంచే చిన్న ప్లాస్టిక్ నాలుక. అప్పటికి అది ఏమిటో కూడా అతనికి తెలియదు.

"ఇల్లు పీకి పందిరేసినట్టుంది నా పని" అని తనలో తనే గొణుక్కున్నాడు.

లోపల బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. అది అలాగే ఉంటుందనుకుని, స్క్రూడ్రైవరు మొన అడుగున దూర్చి ఎత్తబోయాడు. అదే సమయానికి డ్యూటీకి తయారై, భోజనం డబ్బా పట్టుకుని భార్య అటుగా వచ్చింది.

"ఆగండి!"

అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీశాడు.

"అదేమిటి, చీము పట్టిన కురుపులా అలా ఉబ్బింది? మొనదేలిన దానితో పొడుస్తారా ఎవరైనా? మంటొస్తే?"

"తియ్యాలి కదా మరి."

"ముందు వైరు ఊడదీయండి. చుట్టూ వదులు చేసి మెల్లగా ఎత్తండి. దాన్ని నొక్కద్దు, వంచద్దు." ఆమె వంగి చూసింది. ఇంకేదో చెప్పబోయి, గడియారం చూసుకుని చెప్పులేసుకుంది. "ఇంట్లో ఉంచకండి దాన్ని. పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చి రండి."

అన్ని రోజుల్లో ఆమె అతనితో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

ఆ పై రోజులన్నీ ఒక్కలాగే గడిచాయి. పొద్దున డిపోకు వెళ్ళి, పని చెప్పేవాళ్ళు లేక బల్ల మీద కూర్చోవడం. సాయంత్రం ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చోవడం. ఫ్యాను నిండా దూది ఉండలా దుమ్ము పేరుకుపోయి ఉంటే, పాత పళ్ళ బ్రష్షుతో గీకి తీశాడు. ఉబ్బిన బ్యాటరీని ఇవ్వాల్సిన చోట ఇచ్చేసి, ఛార్జరు తీగతోనే నడిపించి చూశాడు. మూలన చిన్న లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. చీకటి తెరలో తన మొహం చూసుకుంటే ముసలాడయిపోయినట్టు అనిపించింది. యాభై దాటాక అక్షరాభ్యాసం ఏమిటి నా ఖర్మ కాకపోతే, అనుకున్నాడు. మర్నాడే మేనేజరు దగ్గరికి వెళ్ళి గేటు పనే ఇమ్మని అడుగుదామనుకున్నాడు. మరదలు వెళ్ళనివ్వలేదు.

"లెక్క తప్పితే మా పిల్లలకు ఏం చెబుతానో తెలుసా బావా? అన్నీ కొట్టేసి మొదటి మెట్టు నుంచి రమ్మంటాను. నువ్వూ అదే చెయ్యి. తీయగలిగినవన్నీ తీసేయ్. ఒక్కొక్కటే పెట్టుకుంటూ రా. ఎక్కడ ఆగితే తప్పు అక్కడుంది."

అలాగే చేశాడు. ర్యామ్ అనే మెమరీ పలకలు రెండున్నాయి. రెండూ తీసి, ఒకదాన్ని పెట్టి చూశాడు. తెర నల్లగానే ఉంది. దాన్ని తీసి రెండోది పెట్టాడు. ఫ్యాను ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుంది. తెర మీద బూడిదరంగు వెలుగు పాకింది, తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరికి చెప్పాలో తెలియక, వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి వచ్చాడు. తిరిగొచ్చి చూసినా అక్షరాలు అక్కడే ఉన్నాయి.

కీబోర్డు పనిచేయలేదు. బయటి కీబోర్డు ఒకటి తగిలించాడు. అంతా బాగుందనుకునే లోపల, అన్నం ఉడికేంత సేపు నడిచి, లాప్‌టాప్ దానంతటదే టప్పున ఆగిపోయింది. చల్లారాక మళ్ళీ లేచింది, మళ్ళీ అంతసేపే నడిచింది. ఎన్నిసార్లు చూసినా అదే వరస.

సెక్షన్‌కు తీసుకెళ్ళాల్సిన రోజు వచ్చింది. రెండో అంతస్తుకు మెట్లెక్కేసరికి డ్రైవరుకు తలప్రాణం తోకకొచ్చింది. అధికారిణి బల్ల మీద జాగా చేసి, ఆన్ చేయమంది. తెర వెలిగింది. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది, రెండు మూడు ప్రశ్నలు అడిగింది, బయటి కీబోర్డు చూసి నవ్వింది.

"పర్లేదే. మొదటిసారికి బాగానే చేశారు" అంటూ కలం తీసింది.

ఇంకా ఆగిపోయే వేళ కాలేదు. ఆమె సంతకం పెట్టడానికి అంత వేళ పట్టదు కూడా. డ్రైవరు తెర వైపు చూశాడు, ఆమె చేతి వైపు చూశాడు.

"మేడం, ఇది ఆగిపోతుంది."

"ఏమిటి?"

"కొంచెంసేపు నడిచి దానంతటదే ఆగిపోతుంది. ఎందుకో నాకు తెలియలేదు."

ఆమె కలం పక్కన పెట్టింది. ఇద్దరూ తెర వైపే చూస్తూ కూర్చున్నారు. లాప్‌టాప్ తన వేళకు తాను ఆగిపోయింది.

"వేడెక్కుతోంది. ఫ్యాను శుభ్రం చేశారు, మరి దాని పక్కనున్న రాగి గొట్టం ఎత్తి చూశారా? దాని కింద వేడిని లాగే పేస్టు ఉంటుంది, అది ఎండిపోయి ఉంటుంది. గీకి కొత్తది పూయాలి." ఆమె సొరుగులోంచి చిన్న పేస్టు ట్యూబు తీసి ఇచ్చింది. "ఇది సరిచేసి వచ్చే సోమవారం రండి. ఇలా ఆగిపోయేదాన్ని నేను ఒప్పుకోలేను."

మెచ్చుకోలూ లేదు, చివాట్లూ లేవు. అతను లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు.

ఇంట్లో ఆ మాట చెప్పగానే భార్య చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

"సంతకం పెట్టబోతుంటే ఆపి మరీ చెప్పారా?"

"మరి ఆగిపోతోంది కదా."

"ఔను, ఆగిపోతుంది. కాలు ఆగిపోయినా చెబుతారు, మెషీను ఆగిపోయినా చెబుతారు. లోకానికంతా చెబుతారు. నాకు మాత్రం చెప్పరు!"

అతనికి అర్థం కాలేదు. "నీకెందుకు చెప్పలేదూ? ఆ సాయంత్రమే చెప్పాను."

"డిపోలో చెప్పాక! అప్పటికెన్నాళ్ళుగా నొప్పి పెడుతోంది మోకాలు? పరీక్షల కాగితం మీద నేనే చదువుకున్నాను. ఏడాదిగా అని రాశారు. ఏడాది! ఇంట్లో నర్సును పెట్టుకుని, పరాయి మేనేజరుకు చెప్పుకున్నారు మీ నొప్పి. మీరు నిజం చెప్పారని నాకు కోపం అనుకుంటున్నారా ఇన్నాళ్ళూ?"

అతను అలాగే అనుకుంటున్నాడు.

"నువ్వు పొద్దస్తమానం మూలిగేవాళ్ళ మధ్య ఉండి వస్తావు" అన్నాడు. "ఇంటికొచ్చాక నేనూ మూలగడం ఎందుకని..."

ఆమె కుర్చీలో కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. కానీ ఆమె మొహంలో ఏడ్చేంత ఓపిక కూడా కనబడలేదు.

"పంట్లాం పైకి మడవండి" అంది.

మోకాలి చిప్ప చుట్టూ బొటనవేళ్ళతో నొక్కుతూ వచ్చింది. ఒకచోట అతను పళ్ళు బిగబట్టాడు. "ఇక్కడేనా?" "ఆఁ, అక్కడే." "మెట్లెక్కితే?" "ప్రాణం పోతుంది." "ఇది ముందే చెప్పుంటే..." అని, మాట పూర్తి చేయకుండా పంట్లాం కిందికి లాగింది.

ఆదివారం ఆమెకు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల తుడిచి, లాప్‌టాప్ విప్పుకుని ఇద్దరూ కూర్చున్నారు. రాగి గొట్టం ఎత్తితే, కింద పేస్టు ఎండి సున్నంలా పెచ్చులు కట్టి ఉంది. ఆమె స్పిరిట్ సీసా, దూది తెచ్చి గాయం కడిగినట్టు తుడిచింది. అతను కొత్త పేస్టు పెట్టబోయాడు.

"అంతెందుకు? రొట్టెకు వెన్న రాస్తున్నారా? కొంచెం చాలదూ?"

"ఎక్కువైతే తప్పేమిటి?"

"నాకేం తెలుసు. ఆ ఫోనులో అబ్బాయినే అడగండి."

ఆ అబ్బాయీ కొంచెం చాలన్నాడు. అక్కాచెల్లెళ్ళిద్దరిలో ఎవరితో వాదించినా ఓడేది తనేనని డ్రైవరుకు ఎప్పుడో తెలుసు. గొట్టం బిగించాడు. విరిగిన నాలుక స్థానంలో టేపు ముక్క అంటించి కీబోర్డు పట్టీని అదిమితే, కొన్ని అక్షరాలు తప్ప మిగతావన్నీ పడ్డాయి. ఆన్ చేశారు. అన్నం ఉడికేంత సేపు దాటింది. కూర కూడా ఉడికేంత సేపు దాటింది. ఫ్యాను సన్నగా తిరుగుతూనే ఉంది. ఎండ కిటికీ దాటి గోడ మీదికి పోయేవేళకు ఇద్దరికీ కునుకు పట్టింది.

సోమవారం అధికారిణి దాన్ని పూట పూటంతా నడిపించి, సాయంత్రం సంతకం పెట్టింది. ఆరు నెలలు చూస్తానంది, నచ్చకపోతే గేటుకే పంపుతానంది. మొదటివారమంతా అతని చేత పాత మెషీన్ల దుమ్ము దులిపించింది. రోజూ సాయంత్రానికి కళ్ళు మండేవి, మెడ లాగేది. పని పట్టుబడిందని అతనికి ఒక్కనాడూ అనిపించలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు.

ఆ తర్వాతి వారం భార్య తన సెలవు రోజున అతన్ని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తను పనిచేసే ఆసుపత్రే అయినా, ముందుగా పంపమని ఎవరినీ అడగలేదు. అందరితో పాటే వరసలో బల్ల మీద కూర్చున్నారు. ముందు చాలామంది ఉన్నారు. ముందు రాత్రి డ్యూటీ చేసి, పొద్దున ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చిన మనిషి గనక, కాసేపటికి ఆమె తల అతని భుజం మీదికి వాలింది. అతను కాలు చాపుకోవాలనుకుని, ఆమె కదులుతుందని చాపుకోలేదు. తర్వాత మెల్లగా చాపుకున్నాడు. ఆమె లేవలేదు.