సారవ్వ పళ్లు

షేర్ ఆటో దిగి పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చిన సారవ్వ, కుర్చీలో కూర్చోకముందే చేతులు జోడించింది.

"సారూ, అన్ని పీకెయ్యుండ్రి."

డాక్టరు ఆమెను కూర్చోబెట్టి, లైటు వేసి నోట్లోకి చూసి నవ్వాడు. "డెబ్బై రెండేండ్లకు ఇసొంటి పళ్లా! అవ్వా, నావి తీస్కోని నీయి నాకియ్యరాదు?"

సారవ్వ నవ్వలేదు. ఆమె వేళ్లు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. పక్కనున్న నర్సు డెబోరా అది గమనించింది.

"నొప్పే లేనప్పుడు పీకిచ్చుకునుడెందుకవ్వా? ఇంటికాడ ఎవరన్న ఏమన్న అన్నరా?"

సారవ్వ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక గొంతు తగ్గించింది.

"మా పక్కింటి కిషన్ బిడ్డకు నెలసంది జరం. నేనే మంత్రాలు చేసిన్నంటున్నడు. పళ్లుంటేనే మంత్రం పారుతదట. ఆదివారం వాడకట్టంత సూడంగ పీకుతమన్నరు." చెంప తడుముకుంది. "వాళ్లు పట్కారుతోని పీకుతరు బిడ్డా. ఈడైతే సూదిమందన్న ఉంటది."

డాక్టరు చేతిలోని చిన్న అద్దాన్ని ట్రేలో పెట్టేశాడు.

"పీకిచ్చుకుంటే ఇడిసిపెడ్తరా?" అంది డెబోరా. "మంత్రాలున్నయి గనుకనే భయపడి తీయిచ్చుకున్నదనరా?"

సారవ్వకు ఆ సంగతి తట్టనే లేదు. వారం రోజులుగా ఆమె ఆలోచనంతా నొప్పి దగ్గరే ఆగిపోయింది. నొప్పి తర్వాత కూడా ఆ వాడలోనే బతకాలని అప్పుడు గుర్తొచ్చింది.

"ఠాణాకు పోదాం పా అవ్వా. నేనొస్త," అంది డెబోరా.

"ఠాణాకా? వాడు నన్ను బతకనిస్తడా?"

"ఇప్పుడు బతకనిస్తున్నడా?"

ఠాణాలో ఎస్సై కాగితం ముందేసుకున్నాడు. "ఎవరు బెదిరిచ్చిండ్రు పెద్దమ్మా? పేరు చెప్పు."

కిషన్ పుట్టినప్పుడు మొదట చేతుల్లోకి తీసుకున్నది సారవ్వే. మొన్నమొన్నటి దాకా ఆమెను పెద్దవ్వా అనే పిలిచేవాడు. బయట ఏదో బండి ఆగిన చప్పుడైతే సారవ్వ ఉలిక్కిపడి డెబోరా కొంగు పట్టుకుంది. డెబోరా తనే చెప్పబోయింది.

"ఆమెనే చెప్పనియ్యమ్మా," అన్నాడు ఎస్సై.

సారవ్వ కొంగు వదిలింది. ఎస్సై వైపు తిరిగింది.

"కిషన్... మా పక్కిల్లే."

కలం కదులుతున్నంతసేపూ ఆమె కాగితం వైపే చూసింది.

"రాసిండ్రా సారూ?"

"రాసిన."

"ఇంకిద్దరున్నరు," అంది సారవ్వ.