తోటకు పోసిన నీళ్ళు

గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్ల చివరి వరుస వెనక ఒక బూడిద దిబ్బ ఉండేది. ఆ వరుసల్లో అన్నీ బొగ్గు పొయ్యిలే. ఏళ్ళ తరబడి ఆడవాళ్ళు పొద్దున్నే పొయ్యిలు ఊడ్చి ఆ బూడిదను తట్టలతో తెచ్చి అక్కడే పోసేవాళ్ళు. ఎండాకాలం గాలి లేచిందంటే అది ఆరేసిన బట్టల మీద, కంచంలో అన్నం మీద వచ్చి పడేది.

దాన్ని తీసేసి కూరగాయల తోట పెడదామని ఎనభై ఎనిమిదిలో మొదట అన్నది ఆగయ్య. గనిలో పైకప్పు పెళ్ళ విరిగి నడుము మీద పడ్డప్పటి నుంచి అతనికి లోపలికి దిగే పని తప్పించి, పైన తేలిక డ్యూటీ ఇచ్చారు. మధ్యాహ్నానికే ఇల్లు చేరేవాడు. ఊరికే కూర్చోవడం అతనికి చేతకాదు.

"గనిల తిన్న బొగ్గు దుమ్ము చాలదా? ఇంటికొచ్చి బూడిద గూడ తినాల్నా?" అని ఇంటింటికీ తిరిగి అడిగాడు. "ఇంటికొకలు రాండ్రి. వానలు పడేలోపల సాపు చేద్దాం. ఎవలకీ కూలీ లేదు, ఎవలు పండించుకున్నది వాళ్ళకే."

మొదట్లో నలుగురైదుగురే వచ్చారు. వాళ్ళలో మార్తమ్మ ఒకతె. ఆమె భర్త యేసుదానం గనిలో బొగ్గు నింపిన ఇనుప టబ్బులను పట్టాల మీద నెట్టేవాడు. ఒక్కగానొక్క కూతురు సుసన్నాకు పెళ్ళి చేసి మంచిర్యాల పంపేశాక ఇంట్లో మార్తమ్మకు పెద్దగా పని లేదు. పార పట్టుకుని వెళ్ళి, మొదటి రోజే చేతులు బొబ్బలెక్కించుకుని వచ్చింది. యేసుదానం కొబ్బరినూనె రాస్తూ నవ్వాడు.

పక్క క్వార్టరు సర్వరీ బేగంను తోట పనికి తీసుకెళ్ళింది కూడా మార్తమ్మే. అంతకు ముందు ఏడాది సర్వరీ బేగం కూతురు జహీరా కాన్పులో పోయింది. అప్పటి నుంచి ఆమె తలుపు తీసేది కాదు. భర్త గులాం అలీ డ్యూటీ నుంచి వచ్చి తనే రొట్టెలు కాల్చుకునేవాడు. మార్తమ్మ ఒక సాయంత్రం తలుపు కొట్టి, "సర్వరక్కా, మెంతికూర ఎట్ల పెడతరో నాకు తెల్వది, చూపియ్యి రా" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. సర్వరీ బేగం బూడిద దిబ్బ పక్కన చాలాసేపు నిలబడి, తర్వాత కొంగు నడుముకు దోపి వంగింది. ఆ రోజు తట్ట మోస్తూ ఎవరినో "అరె, జల్ది నడువు" అని కసిరింది. కూతురు పోయాక ఆమె గొంతు వినడం మార్తమ్మకు అదే మొదలు.

క్వార్టర్ల అవతల, గని నీటి కాలువ దాటితే గుడిసెలు. లారీలకు బొగ్గెత్తే కూలీలు అక్కడ ఉండేవాళ్ళు. ఆ గుడిసెల నుంచి లింగవ్వ అనే పడుచు మనిషి తనంతట తనే వచ్చింది. నెత్తిమీద తట్ట, చంకలో కూతురు సారక్క. పిల్ల అప్పుడప్పుడే నడక నేర్చింది. దాన్ని తుమ్మచెట్టు నీడలో దించి లింగవ్వ సాయంత్రం దాకా బూడిద మోసేది. అందరికంటే వేగంగా మోసేది. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు.

వానలు పడే నాటికి మిగతా ఇళ్ళవాళ్ళూ వచ్చి చేరారు, నేల చదునైంది. గోదావరి ఒడ్డు నుంచి ట్రాక్టరుతో ఒండ్రుమట్టి తోలించారు. చుట్టూ తుమ్మకంప నాటారు. గని లోపల ఊరే నీటిని మోటార్లు రాత్రింబగళ్ళు పైకి తోడేవి. ఆ నీళ్ళు పోయే కాలువకు గండి కొట్టి తోటలోకి మళ్ళించారు. ఇక మళ్ళు పంచడం మిగిలింది. ఆగయ్య క్వార్టరు నంబర్ల ప్రకారం పంచాడు. గుడిసెలకు నంబర్లు లేవు.

లింగవ్వ తట్ట బోర్లించి దాని మీద కూర్చుని వింది. మార్తమ్మకే మనసొప్పలేదు.

"ఆగన్నా, అందరికంటె ఎక్కువ మోసింది ఆ పిల్లనే గదా?"

"మోసింది చెల్లె, నేను కాదంటనా? ఆమెకిస్తే గుడిసెలోళ్ళందరు అడుగుతరు. ఉన్న జాగ మనకే సరిపోతలేదు."

ఆ సాయంత్రం మార్తమ్మ లింగవ్వను పిలిచి తన మడి చూపించింది. "ఇది ఇద్దరిదనుకో. నీకేం కావాల్నో తెంపుకపో, నన్ను అడగకు" అంది. లింగవ్వ తలూపింది. తర్వాత తరచూ వచ్చేది, కాని ఒక్కసారి కూడా అడగకుండా తెంపుకోలేదు.

చలికాలంలో తోట బాగా కాసింది. వంకాయలు, చిక్కుడు, పుంటికూర, టమాటలు. క్రిస్మస్‌కు మార్తమ్మ ఇంట్లో వండిన కూరలన్నీ తోటలోవే. ఎండలు మొదలయ్యాక వచ్చిన రంజాన్ ఉపవాసాల్లో సర్వరీ బేగం పొద్దుగూకే వేళకు కొత్తిమీర, పుదీనా కోసి వరుసంతా పంచింది. డ్యూటీ దిగిన మగవాళ్ళు కల్లు దుకాణానికి పోయే దారిలో ఆగి, మడిగట్టు మీద కాసేపు కూర్చుని వెళ్ళేవాళ్ళు. సారక్క గట్ల వెంట పరుగెత్తుతూ ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరకు పోయేది. సర్వరీ బేగం ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పచ్చి చిక్కుడు గింజలు వొలిచి పెట్టేది.

మరో ఏడాది అలాగే గడిచింది. తొంభైలో చలి తగ్గేవేళకు ఆ గనిలో బొగ్గు అయిపోయింది. మనుషులను దగ్గరలోని వేరే గనులకు మార్చారు. మోటార్లు విప్పి తీసుకుపోయారు. కాలువలో నీళ్ళు ఆగిపోయి, అక్కడక్కడ పచ్చటి మడుగులు మిగిలాయి.

ఇక ఉన్నది వీధి నల్లా. తెల్లవారాక కాసేపు వచ్చేది. క్వార్టర్లకూ గుడిసెలకూ అదొక్కటే ఆధారం. ఆగయ్య అందరినీ కూర్చోబెట్టి, ఇంటికి రెండు బిందెల నీళ్ళు తోటకు పొయ్యాలని ఒప్పించాడు. వానలు పడేదాకా వేర్లు బతికితే చాలన్నాడు. అందరూ సరేనన్నారు. కష్టపడి పెంచినదాన్ని ఎండగట్టడం ఎవరికీ ఇష్టం లేదు.

ఎండలు ముదిరాయి. మే నెలలో నల్లాకు నీళ్ళు ఎక్కించే మోటారు కాలిపోయింది. నల్లా రోజు విడిచి రోజు, అదీ సన్నటి ధారగా రావడం మొదలైంది. వరుసలో తగాదాలు పెరిగాయి. ఆడవాళ్ళు చీకటితోనే బిందెలు పెట్టి కాపలా కూర్చునేవాళ్ళు.

ఆ పొద్దు మార్తమ్మ, సర్వరీ బేగం ముందు వరుసలో ఉన్నారు. ఇంటి బిందెలు నింపి పెట్టి, తోట బిందెలు కూడా నింపుకున్నారు. వాళ్ళు ఇంటి బిందెలు దించి వచ్చి, తోట బిందెలు నెత్తిన ఒకటి చంకన ఒకటి ఎత్తుకునేలోపు ఇంకో ఇద్దరు పట్టుకున్నారు, లింగవ్వ వంతు వచ్చింది. ఆమె బిందె కింద పెట్టగానే నల్లా గుర్రుమని ఆగిపోయింది. లింగవ్వ కాసేపు ఆ గొట్టం కేసి చూసింది. తర్వాత తలెత్తి మార్తమ్మ కేసి చూసింది. చంకలో సారక్క నిద్రమత్తులో ఉంది.

మార్తమ్మ అడుగు ఆపింది. నెత్తిమీద బిందె దించబోయింది.

"ఒకలకిస్తే వెనక అందరున్నరు మార్తా," అంది సర్వరీ బేగం మెల్లగా. నిజంగానే వెనక ఖాళీ బిందెలతో చాలామంది నిలబడి ఉన్నారు. అందరూ వాళ్ళ కేసే చూస్తున్నారు. "ఎవలికని ఇస్తవు? నడువు."

మార్తమ్మ నడిచింది. ఆ రెండు బిందెలూ టమాట మొక్కల మొదట్లో పోసింది. నేల ఒక్క గుక్కలో పీల్చేసింది.

లింగవ్వ కాలువకు వెళ్ళి, మడుగు మీది నాచు తోసి, కొంగుతో వడగట్టి నీళ్ళు తెచ్చుకుంది.

రెండు రోజుల తర్వాత పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. లింగవ్వ మొగుడు లారీ మీద కమాన్‌పూర్ వైపు పోయి ఉన్నాడు. ఆమె పిల్లను భుజాన వేసుకుని క్వార్టర్ల మధ్య పరుగెత్తుతుంటే, డ్యూటీ దిగి వస్తున్న యేసుదానం చూశాడు. బొగ్గు మసి కూడా కడుక్కోకుండా పిల్లతో సహా లింగవ్వను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని దవాఖానకు తొక్కాడు. అక్కడ కార్మికుల కుటుంబాలకే వైద్యం. చీటీ రాసే అతను ఎవరి పిల్ల అని అడిగితే, "నా మనుమరాలు" అన్నాడు యేసుదానం. వెంటనే చేర్చుకున్నారు. సెలైన్ ఎక్కించడానికి నర్సమ్మ చేతులు, కాళ్ళు అన్నీ వెతికింది. నరం దొరకలేదు. ఒంట్లో నీళ్ళన్నీ పోయాయని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం కాకముందే సారక్క పోయింది.

యేసుదానం ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు. మార్తమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. అతని ముఖం మీది మసిలో చెంపల వెంట తెల్లటి చారలు కనిపించాయి.

మర్నాడు మార్తమ్మ గుడిసెకు వెళ్ళింది. లింగవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఇద్దరు ముసలివాళ్ళున్నారు. మార్తమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

ముందు లింగవ్వే అంది. "ఆ పొద్దు నువ్వు బిందె దించుతవనుకున్న అక్కా."

"దించుదామనే అనుకున్న చెల్లె."

"నేను గూడ అడగలే. నీ మడిల ఆకు తెంపాల్నన్నా అడిగేదాన్ని. నీళ్ళు అడుగుతందుకు నోరు రాలే. అడిగితె ఇద్దువు గదా?"

ఆమె నిష్ఠూరంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "ఇద్దును" అంది మార్తమ్మ. అది నిజమో కాదో ఆమెకే తెలియలేదు. తెలియలేదన్న సంగతి అర్థమయ్యాక అక్కడ కూర్చోలేకపోయింది.

ఆ సాయంత్రం ఆగయ్య ఇంటి ముందు తోటవాళ్ళంతా చేరారు. మార్తమ్మే అడిగి పిలిపించింది.

"ఇగ తోటకు ఒక్క చెంబు గూడ పొయ్యొద్దు. ముందు గుడిసెలోళ్ళు పట్టుకోవాలె, తర్వాత మనం."

ఆగయ్య తలవంచుకుని అన్నాడు. "పిల్ల పోయింది చెల్లె, నాకు మాత్రం బాధ లేదా? తోటను ఎండబెడితే ఆ పిల్ల లేచొస్తదా?"

"రాదు. ఇంకో పిల్ల పోవద్దు."

వెనక కూర్చున్న సర్వరీ బేగం లేచింది.

"నా జహీరా పోయిన పొద్దు ఎవలేం ఆపిన్రు? ఎవలి పొయ్యి ఆగింది? ఎవలి డ్యూటీ ఆగింది? నేను ఈ మట్టిల చేతులు పెట్టినంకనే అన్నం తిన్న. గిది గూడ తీసుకుంటవా నా దగ్గరి నుంచి?"

"సర్వరక్కా, నువ్వు ఒళ్ళో కూసోబెట్టుకొని తినిపించిన పిల్ల."

"నాకు తెల్వదా?" అని అరిచింది సర్వరీ బేగం. "నడువమన్నది నేను. నాకు తెల్వదా?"

గులాం అలీ వచ్చి ఆమె భుజం పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఏ తీర్మానమూ లేకుండానే అందరూ లేచారు.

తర్వాత కొన్నాళ్ళు సర్వరీ బేగం ఒక్కతే తోటకు నీళ్ళు మోసింది. తమ ఇంటి వాటాలోంచే తీసి మోసింది. గులాం అలీ స్నానం మానుకుని డ్యూటీకి పోతున్నాడని వరుసలో చెప్పుకున్నారు. ఒక పొద్దున ఆమె వెళ్ళేసరికి గుడిసెల వైపు కంప పీకేసి ఉంది. మేకలు మళ్ళలో తిరుగుతున్నాయి. టమాటలు లేవు, చిక్కుడు తీగలు లేవు. గుడిసెల మగవాళ్ళు కొందరు అవతల నిలబడి చూస్తున్నారు. ఆగయ్య పరుగున వచ్చాడు గాని, వాళ్ళ ముఖాలు చూసి కర్ర కింద పడేశాడు. సర్వరీ బేగం మేకలను తోలలేదు. బిందె పక్కన పెట్టి, అవి మేసి పోయేదాకా గట్టు మీద కూర్చుంది.

మార్తమ్మ తన వంటింటి కిటికీలోంచి అదంతా చూసింది. పోయి పక్కన కూర్చోవాలని ఉంది. కాని గడప దాటలేదు.

కొత్త మోటారు వానలు పడ్డాక వచ్చింది. అప్పటికి లింగవ్వ వాళ్ళు గుడిసె విప్పుకుని ఎటో వెళ్ళిపోయారు. జైపూర్ దగ్గర వాళ్ళ పుట్టింటికని ఒకరు, కొత్తగూడెం వైపని ఒకరు చెప్పారు. మార్తమ్మ జైపూర్ దాకా వెళ్ళి అడిగి వచ్చింది. ఆ పేరు గల మనిషి అక్కడ ఎవరికీ తెలియదు.

ఆడవాళ్ళు బూడిద తట్టలు మళ్ళీ తోటలోనే పోయడం మొదలుపెట్టారు. వద్దని ఎవరూ అనలేదు. మార్తమ్మ, సర్వరీ బేగం గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళలోనే ఉండి, ఎదురుపడితే తలలు తిప్పుకునేవాళ్ళు. పగతో కాదు. ఒకరి ముఖం చూస్తే ఇంకొకరికి ఆ పొద్దే కనిపించేది.

ఏడాది తిరిగేసరికి యేసుదానం అడిగి అడిగి మంచిర్యాల వైపు గనికి బదిలీ చేయించుకున్నాడు. సామాను లారీకి ఎక్కిస్తుంటే సర్వరీ బేగం తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది.

"పోతున్నరా?"

"పోతున్నం అక్కా."

"సుసన్నా దగ్గర్నే ఉంటది గదా. మంచిగయింది."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. తలుపు గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. మార్తమ్మ లారీ ఎక్కింది.

కొత్త క్వార్టరు వెనక కాస్త ఖాళీ జాగా ఉంది. మెత్తటి నల్లమట్టి. ముందున్నవాళ్ళు తవ్విన బావిలో నీళ్ళు చేతికి అందేంత పైన ఉన్నాయి. మొదటి ఆదివారం చర్చి నుంచి వస్తూ యేసుదానం బజారులో ఆగి వంకాయ, బెండ విత్తనాల పొట్లాలు కొన్నాడు. ఇంటికొచ్చి ఆమె చేతిలో పెట్టబోయాడు.

మార్తమ్మ చెయ్యి చాపలేదు.

"మేస్త్రీని పిలిపియ్యి," అంది. "అంత బండలు పరిపిద్దాం."

ఆ వారంలోనే మేస్త్రీ వచ్చి, ఎక్కడా గడ్డిపోచ కూడా మొలవకుండా బండలు పరిచి, సందుల్లో సిమెంటు కూరి పోయాడు.