ఊఁ, ఒకటి, రెండు

టికెట్లు అమ్మే గది ఒకప్పుడు మా వంటిల్లు. కిటికీకి ఇవతల నిలబడి రెండు టికెట్లు అడిగాను. లోపల కూర్చున్న ఆవిడ వెనక గోడకి మా అమ్మ గరిటెలు తగిలించుకున్న మేకులు ఇంకా ఉన్నాయి. వాటికిప్పుడు తాళంచెవి గొలుసులు వేలాడుతున్నాయి. ఒక్కో గొలుసు చివర బొటనవేలంత లైట్‌హౌస్.

"పెద్దాయనకి సగం టికెట్టే," అంది ఆవిడ.

"నాకు అసలు టికెట్టే ఉండకూడదమ్మా. పదకొండేళ్ళు ఈ ఇంట్లో ఊరికే ఉన్నాను," అన్నాడు నాన్న.

ఆవిడ నవ్వలేదు. మా వెనక వరస పెరుగుతోంది.

నాన్నకి ఎనభై ఒకటి. ఇక్కడ దీపం చూసుకునే ఉద్యోగం పోయాక ఇరవై నాలుగేళ్ళు ఒక ఆసుపత్రిలో లిఫ్టు నడిపాడు. ఎక్కడం దిగడం తన నొసట రాసుందని, దేవుడు దయతలచి మెట్లు మాత్రం తగ్గించాడని అనేవాడు. ఈ దీపాన్ని ఆపేసి చాలా కాలమైంది. పోయినేడు చుట్టూ గడ్డి వేసి, బెంచీలు కట్టి పార్కు చేశారు. ఆనాటి పడవ ప్రమాదంలో పోయిన ముగ్గురి పేర్లూ చెక్కి ఒక రాయి కూడా నిలబెట్టారు. ఆ సంగతి పేపర్లో చదివిన దగ్గర్నుంచి ఒక్కసారి తీసుకెళ్ళమని నాన్న నా ప్రాణం తీశాడు. ఎందుకో మాత్రం ఇవాళ బస్సులో చెప్పాడు.

"అభిప్రాయాల పుస్తకం పెట్టారట. అందులో రాస్తాను. తర్వాత ఆ రాయి దగ్గర నిలబడి చెప్తాను. రెండు ముక్కలే."

"ఏమని?"

"తప్పు నాదేనని. నలభై ఏళ్ళుగా అందరూ అన్నారు. నేనే అనలేదు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మంచిదే అనుకున్నాను. ఇన్నాళ్ళకి తెగించాడు అని కూడా అనుకున్నాను. ఆ 'తెగించాడు' అన్న మాటలో కొంచెం పైనుంచి చూడడం ఉంది. అది నాకు కొత్త కాదు. నాన్నని క్షమించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ రాత్రి వాన. ఒక చేపల పడవ మా రాళ్ళకి కొట్టుకుంది. నలుగురిలో ఒక్కడు బతికాడు. దీపం రెండుసార్లే మెరిసిందని, అందుకే దాన్ని సముద్రంలోకి చొచ్చుకొచ్చిన అవతలి కొమ్ము మీది దీపం అనుకుని పడవ తిప్పామని అతను చెప్పాడు. ప్రతి లైట్‌హౌస్‌కీ దాని లెక్క దానికి ఉంటుంది. మాది మూడు మెరుపులు, తర్వాత చీకటి. అవతలిది రెండు. మెరుపులు లెక్కపెట్టుకుని పడవవాళ్ళు తామెక్కడున్నారో పోల్చుకుంటారు. బతికినవాడి మాట ఒక్కటే అయితే ఎవరూ అంతగా పట్టించుకునేవాళ్ళు కాదేమో. వాన, గాలి, భయం. లెక్క తప్పి ఉండొచ్చు. కానీ ఇంకో సాక్షి దొరికింది. నేను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ పురిటికి వెళ్ళింది. నాన్న పైన దీపం దగ్గర ఉన్నాడు. జ్వరంతో నిద్రపట్టక, వెలుగు కిటికీ అద్దాన్ని తాకి వెళ్ళినప్పుడల్లా లెక్కపెడుతూ పడుకున్నాను. విచారణకి వచ్చిన అధికారి నన్ను గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి, బిస్కెట్టు చేతిలో పెట్టి, "బాగా ఆలోచించి చెప్పమ్మా. ఆ రాత్రి వెలుగు ఎన్నిసార్లు వచ్చింది?" అన్నాడు.

"రెండు," అన్నాను.

"గట్టిగా చెప్పగలవా?"

"ప్రతిసారీ రెండే."

మామూలు రోజుల్లో ఎన్ని వస్తాయో ఆయన అడగలేదు. మూడు రావాలని తర్వాత అమ్మ చెప్పగా తెలిసింది. అయితే ఆ రాత్రి మాత్రం రెండే వచ్చాయన్నమాట అనుకున్నాను. పిల్లల బుర్రలో అలాంటివి సులువుగా సర్దుకుంటాయి.

విచారణ వాళ్ళు కారణం కూడా కనిపెట్టారు. పగలు ఎండ పడి మంట పుట్టకుండా దీపం చుట్టూ తిరిగే మూడు పెద్ద అద్దాలకీ గుడ్డ ముసుగులు వేసేవాళ్ళు. సాయంత్రం దీపం పెట్టేముందు మూడూ తీయాలి. ఒకటి తీయడం మరిచాడని తేల్చారు. నాన్న ఉద్యోగం పోయింది. నెల తిరక్కుండా మా సామాను లారీ ఎక్కింది.

ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. పైగా నాన్న నాకు 'జడ్జిగారు' అని పేరు పెట్టాడు. తమ్ముడూ నేనూ దేనికైనా కొట్టుకుంటే, "జడ్జిగారు చెప్పారంటే ఇంక అప్పీలు లేదు" అనేవాడు. నేను ఆ పేరు మీదే పెరిగాను. కన్నతండ్రికి నష్టమని తెలిసినా నిజం చెప్పిన పిల్లని. నిజానికి ఆ గదిలో నష్టం సంగతి నాకు తెలియనే తెలియదు. అది తర్వాత నేనే చేర్చుకున్నాను. ఇప్పుడు రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తున్నాను. సూక్ష్మదర్శినిలో కణాలు లెక్కపెడతాను. నా లెక్కని మళ్ళీ ఎవరూ సరిచూడరు.

నాన్న వరండాలో పుస్తకం పెట్టిన బల్ల దగ్గరే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నువ్వు వెళ్ళి చూసిరా. నేను మాటలు కూర్చుకోవాలి," అన్నాడు.

మా పడకగదిని చీకటి గది చేశారు. కిటికీకి నల్లగుడ్డ. మధ్యలో గాజుపెట్టెలో నిలువెత్తు దీపం నమూనా. పదిమంది దాకా ఉన్నాం. గైడు రిటైరైన బడిపంతులు. ఎదురుగా ఎవరున్నా తరగతే అనుకునే మనిషి.

"ఇప్పుడు బొత్తాం నొక్కుతాను. ఎన్ని మెరుపులో చెప్పాలి. పక్కవాళ్ళది చూసి రాయకూడదు," అన్నాడు.

వెలుగు గోడల మీదుగా తిరిగింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ. తర్వాత చీకటి.

"మూడు," అన్నారు అందరూ.

"రెండు," అన్నాను నేను.

నా గొంతు మిగతా గొంతుల కంటే పెద్దగా వినిపించింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"మేడమ్‌గారు ఒకటి మింగేశారు," అన్నాడు పంతులు. "కంగారేం లేదు, ఇంకోసారి."

మళ్ళీ నొక్కాడు. ఈసారి నేను గోడల్ని చూడలేదు. నా పెదవుల్ని గమనించాను. మొదటి మెరుపుకి అవి కలిసే ఉన్నాయి. లోపల్నుంచి 'ఊఁ' అని చిన్న మూలుగు లాంటిది వచ్చింది. రెండో మెరుపుకి 'ఒకటి'. మూడోదానికి 'రెండు'.

ఆ గదిలో అందరూ అద్దం గొప్పతనం గురించి వింటూ ఉండగా నేను గోడకి ఆనుకున్నాను. నెలకోసారి నాన్న వాచీ పట్టుకుని ఇసుకలోకి దిగేవాడు, మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎన్ని సెకన్లో సరిచూడడానికి. నేను ఆయన భుజాల మీద. మొదటి మెరుపుకి వాచీ నొక్కుతాడు, నోటితో 'ఊఁ' అంటాడు. అది లెక్కలోకి రాదు. తర్వాతి మెరుపుకి 'ఒకటి', ఆ తర్వాతిదానికి 'రెండు'. నాకు అంకెలు బడిలో కంటే ముందు అక్కడ వచ్చాయి. మెరుపుల్ని అలాగే లెక్కపెడతారనుకున్నాను. గోళీల్ని ఒకలా, మెరుపుల్ని ఒకలా.

ఆ రాత్రి దీపం మూడుసార్లూ మెరిసింది. పడవలో ఉన్నవాళ్ళు వానలో పొరపడ్డారు. వాళ్ళ పొరపాటుకి నా 'రెండు' తోడైంది.

బయటికి వస్తుంటే నాకు మొదట తోచింది నాన్న గురించి కాదు. ఇది ఎవరికీ తెలియదు కదా అని. మౌనంగా ఉంటే ఇద్దరికీ సుఖమే. ఆయన చెప్పుకోవాలనుకున్నది చెప్పుకుంటాడు, తేలిక పడతాడు. నేను నిజం చెప్పిన పిల్లగానే ఉంటాను. ఎనభై ఒక్కేళ్ళ మనిషికి, నీ బతుకు నీ కూతురి లెక్క తప్పడంవల్ల పోయిందని చెప్పి ఏం ఒరగబెడతాను? ఇలా అనుకుంటూనే వరండా వైపు నడుస్తున్నాను. చెప్పి తీరాలన్న తొందర కూడా వెంటే ఉంది. అందులోనూ ఆ పాత గర్వమే ఉందేమో. నాకు తెలియదు. వేరు చేసి చూడగలిగేంత వ్యవధి లేదు. వరండా పదహారు అడుగులే.

నాన్న రాయడం ముగించాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"చదువు," అన్నాడు.

'చాలా బాగుంది', 'మంచినీళ్ళు పెట్టిస్తే బాగుంటుంది' అన్న వాక్యాల కింద, పెద్ద పెద్ద అక్షరాలు: 'ఆ రాత్రి దీపం పెట్టినవాణ్ణి నేనే. మూడు అద్దాల్లో ఒకదాని ముసుగు తీయడం మరిచాను. రెండు మెరుపులే వచ్చాయి. ముగ్గురు పోయారు. తప్పు నాది.' కింద సంతకం.

"నువ్వూ సంతకం పెట్టు. చూసింది నువ్వు. నేను లోపలున్నాను కదా. లోపలున్నవాడికి మెరుపులు తెలీవు, ఎప్పుడూ వెలుగే," అని పెన్ను నాకు అందించాడు.

"నాన్నా, మూడే వచ్చాయి."

"ఏంటి?"

"ఆ రాత్రి. మూడే వచ్చాయి. నేను నీలాగా లెక్కపెట్టాను. ఊఁ, ఒకటి, రెండు. వాచీ నొక్కేటప్పుడు అనేవాడివే, అలాగ. ఇప్పుడు ఆ గదిలో కూడా రెండే అన్నాను. అందరూ నవ్వారు."

ఆయన నా మొహంలోకి చూశాడు. తన కోసం ఏదో కట్టుకథ అల్లుతున్నానా అని వెతుకుతున్నట్టు చూశాడు. తర్వాత ఆయన పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. మూడుసార్లు కదిలాయి.

"నేనే నేర్పాను," అన్నాడు.

"నువ్వే నేర్పావు."

"కాదు." తల అడ్డంగా ఊపాడు. "నేను ముసుగు తీయలేదు. నాకు గుర్తుంది. పొద్దున్న పైకి వెళితే ఒకదానికి ఉంది. అంచు దగ్గర నూనె మరక. పట్టుకుంటే వెచ్చగా ఉంది, రాత్రంతా దీపం పక్కన ఉంది కదా మరి."

"విచారణలో అలా చెప్పావా?"

"విచారణలో మూడూ తీశాననే చెప్పాను."

"మరి ఇది ఎప్పుడు గుర్తొచ్చింది?"

మెట్ల మీద కుటుంబమొకటి ఫోటోలు దిగుతోంది. "కొంచెం జరగండి పెదనాన్నా, మీ కాలు పడుతోంది," అంది ఒకావిడ. నాన్న కాలు వెనక్కి తీసుకున్నాడు.

"తర్వాత," అన్నాడు. "లిఫ్టులో చేరాక. పైకీ కిందకీ తిరుగుతూ ఆలోచించేవాణ్ణి. నువ్వు అబద్ధం ఆడే పిల్లవి కాదు కదా. నువ్వు రెండు చూశావంటే ముసుగు ఉండి ఉండాలి. అలా ఆలోచించగా ఆలోచించగా గుర్తొచ్చింది. మొదట ముసుగు. తర్వాత మరక. వెచ్చదనం ఈమధ్యే."

ఆ జ్ఞాపకాన్ని ఆయనకి ఇచ్చింది నేను. ఇరవై నాలుగేళ్ళ అంతస్తులు ఎక్కుతూ దిగుతూ ఆయన దానికి అంచులు కుట్టుకున్నాడు.

"లేని దాన్ని అలా ఎలా పట్టుకుంటానమ్మా?" అన్నాడు.

పెన్ను నా చేతిలోనే ఉంది. నేను వంగి ఆయన సంతకం కింద రాశాను: 'ఆ రాత్రి మూడు మెరుపులు వచ్చాయి. నేను తప్పు లెక్క చెప్పాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్న తప్పు లేదు.' తొమ్మిదేళ్ళు అన్న వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కో మాటే చదివాడు. ఆయన మొహం తేటపడుతుందని ఎదురుచూశాను. నిజం చెబితే ఏదో ఒకటి తేటపడాలి కదా.

"నా మీద రెండోసారి సాక్ష్యం చెప్పావు," అన్నాడు.

కోపం లేదు. జడ్జిగారు అని ఆటపట్టించేటప్పటి గొంతు కూడా కాదు. లిఫ్టులో ఎవరికైనా అంతస్తు చెప్పేటప్పటి గొంతు.

"నీ మీద కాదు నాన్నా. నీ వైపు."

"రెంటికీ నన్ను అడగలేదు."

పుస్తకం మూశాడు. లేచాడు. చెయ్యి అందిస్తే పట్టుకున్నాడు, విదిలించలేదు. గడ్డి మధ్య బాట రెండుగా చీలే చోట ఆగాం. ఎడమ వైపు సముద్రానికి ఎదురుగా ఆ రాయి. ఎవరో దానికి ఆనుకుని చెప్పులోంచి ఇసుక దులుపుకుంటున్నారు. కుడి వైపు గేటు.

"రాత్రంతా కూర్చుకున్నాను," అన్నాడు నాన్న. "రెండు ముక్కలు. పెదవులకి అలవాటు చేసుకున్నాను. ఇప్పుడక్కడికెళ్ళి ఏం చెప్పను?"

"ఊరికే నిలబడదాం."

"ఊరికే నిలబడడానికి వాళ్ళు నాకేమవుతారు? తప్పు నాదైతే ఆ ముగ్గురూ నావాళ్ళు. నాది కాకపోతే, ఈ ఫోటోలు దిగేవాళ్ళెంతో నేనూ అంతే."

చెప్పు దులుపుకునేవాళ్ళు వెళ్ళిపోయారు. రాయి దగ్గర ఎవరూ లేరు. వెళ్ళాలంటే ఇదే సమయం. ఆయన అటే చూస్తున్నాడు. నేనే తీసుకెళ్ళాలా, ఆయనంతట ఆయన కదిలేదాకా ఆగాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఈసారి అడుగుదామనుకున్నాను.

"వెళ్దామా నాన్నా?"

ఆయన నా చెయ్యి వదిలి, చొక్కా జేబులోంచి టికెట్టు తీసి, వెనకా ముందూ తిప్పి చూశాడు.

"ఇది ఇవాళ్టికేనా, మళ్ళీ కూడా పనికొస్తుందా?" అని అడిగాడు.

"ఇవాళ్టికే."

"మళ్ళీ ఇంకోటి కొందువుగాని," అని గేటు వైపు తిరిగాడు.