తడి చూసే వేలు

ఉద్యోగం నుంచి విరమించే మనిషికి, ఇక గంటలతో నిమిత్తం లేని ఆ రోజునే, గోడగడియారం ఎందుకిస్తారు? టెక్కలిలోని ఆ కార్యాలయంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కనుక ఎవరూ జవాబు వెతకలేదు. ఈవేళ విరమిస్తున్న స్వీపరు నయోమికి ఇవ్వబోయే గడియారం రంగుకాగితంలో చుట్టుకుని పొద్దుటి నుంచీ హెడ్‌క్లర్కు బల్ల కింద ఉంది. బల్ల కింద తుడిచినప్పుడు ఆమె దాన్ని చూసింది, చీపురు దాని పక్కనుంచి పోనిచ్చింది. ఇప్పుడు వరండాలో వంగి, కుండీ మట్టిలో చూపుడువేలు రెండో కణుపు దాకా దించుతోంది.

వేలు పొడిగా బయటికొచ్చింది. గోడమేకుకి తగిలించి ఉన్న డాల్డా డబ్బాను ఆమె అందుకుంది. అడుగున మేకుతో పొడిచిన చిల్లులు, పైన పిడిగా వంచిన ఇనపతీగ. బకెట్టులో ముంచి కుండీమీద పట్టుకుంటే సన్నజల్లు రాలుతుంది. జల్లు ఆగకముందే ఆమె చెయ్యి పక్కకి జరిగింది.

పొట్టి మనిషి. కుడిభుజం ఎడమదానికంటే కొంచెం దిగి ఉంటుంది. అది బకెట్టు చేసిన పని. వేళ్ళ కొసల నలుపు అంతకంటే పాతది. పెళ్ళికి ముందు పలాసలో జీడిపిక్కలు కొట్టిన రోజుల్లో అంటిన మచ్చలవి. ఇన్నేళ్ళ ఫినాయిలు కూడా వాటిని వదిలించలేకపోయింది.

"ఏటప్పా, ఈవేళ కూడా బకెట్టేనా?" కాపలాదారు పోలారావు గేటు దగ్గర బీడీ ఆర్పుతూ అన్నాడు. "మద్దేనం నీకు గడియారమిత్తారట. మీ సెల్లెలింట్లో ఏ గోడకి తగిలిత్తావు? తాటాకు దడికా?"

"నీ మెడకి తగిలిత్తానురా. అప్పుడైనా టైముకి వత్తావు," అంది నయోమి తలెత్తకుండా.

ఆ వరండాలో ఒకప్పుడు గులాబీలుండేవి, క్రోటన్లుండేవి. కొత్త అధికారి వచ్చినప్పుడల్లా కడియం నర్సరీల నుంచి లారీలో దిగేవి. ఫొటో తీయించుకునేవారు. తర్వాత అధికారికి బదిలీ అయ్యేది, మేనెల వచ్చేది, బోరు ఎండేది. మొక్కను తెప్పించినవాడి పేరు గుమ్మంలో బోర్డుమీద ఉండేది. మొక్క ఎండినప్పుడు వినిపించే పేరు మాత్రం నయోమిది.

కిందటేడు ఆమె ఒక సంగతి ఆలోచించుకుంది. తాను వెళ్ళిపోయాక తనలాంటి మనిషి దొరకకపోవచ్చు. కనుక తనలాంటి మనిషి అక్కర్లేని మొక్కలు కావాలి. పాస్టరమ్మగారి పెరటి నుంచి కలబంద పిలకలు తెచ్చింది. మిషన్ ఆసుపత్రి క్వార్టర్ల మెట్లమీదినుంచి నిటారు ఆకుల మొక్కను వేరుతో తెచ్చి, దానికి కత్తిమొక్క అని తానే పేరు పెట్టుకుంది. కంప్యూటరు గదిలో సీసాలో మనీప్లాంటు వేసింది. గులాబీ ఒకటి చచ్చినప్పుడల్లా ఆ కుండీలోకి వీటిలో ఒకటి చేరింది. మార్పును ఎవరూ గమనించలేదు. ఎండిపోతున్నప్పుడు చూసినవాళ్ళకి, పచ్చగా ఉన్నప్పుడు చూసే పని లేకపోయింది.

ఇక మిగిలిన భయం ఒక్కటే. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక హెడ్‌క్లర్కు కాశీవిశ్వనాథంగారు వరండాలోకి వచ్చి, పెద్ద కత్తిమొక్క కుండీలో చెయ్యి కడుక్కుంటారు. ఆ తర్వాత క్యారియరు గిన్నెలు కూడా అందులోనే కడుగుతారు. చారు, మజ్జిగ, ఉప్పు. ఆమె కుండీని మూలకి జరిపితే ఆయన మూలదాకా వచ్చారు. కిందటి వర్షాకాలంలో ఒక ఆకు మొదలు మెత్తబడి, వాసనవేసి, ఒరిగిపోయింది. కుళ్ళిన వేరు కోసి మిగిలినదాన్ని మళ్ళీ నాటింది. ఆమె లేనప్పుడు ఆ పని చేసేవాళ్ళుండరు. నీళ్ళు లేక ఈ మొక్కలు చావవు, నీళ్ళతోనే చస్తాయి.

ఆ మాట ఆయనతో అనడానికి నయోమి ఎన్నోసార్లు నోరు తెరిచింది. మాట రాలేదు. అందుకు కారణం ఆయన హోదా ఒక్కటే కాదు.

ఆమె భర్త తోమా ఉద్దానం తోటల్లో కొబ్బరి దింపేవాడు. మూత్రపిండాలు పాడయ్యాక డాక్టరు అతనికి నీళ్ళు కొలిచి ఇమ్మన్నాడు. కాళ్ళు ఉబ్బి, పెదాలు బీటలువారి, ఎండలో గుక్కెడు నీళ్ళకోసం అతను చెయ్యి చాచేవాడు. నయోమి కుండను మంచం కిందికి తోసి "సాలు మావా, సాలు" అనేది. ఆఖరి నెలల్లో మొగుడితో ఆమె మాట్లాడిన మాటల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క మాటే. అతన్ని పాతిపెట్టిన తర్వాత ఆ మాట ఆమె నోట మళ్ళీ రాలేదు. అన్నం వడ్డించేవాళ్ళకి కూడా చెయ్యి అడ్డం పెట్టేది, అంతే.

మధ్యాహ్నం హాల్లో బల్లలు కలిపి విస్తళ్ళు వేశారు. క్లర్కు హైమవతి పులిహోర చేసి తెచ్చింది. కాశీవిశ్వనాథంగారు నయోమి క్రమశిక్షణ గురించి మాట్లాడారు. శాలువా కప్పారు. గడియారం ఇచ్చారు. ఆమె దాన్ని రెండు చేతులా తీసుకుంది. చప్పట్లు ముగిశాక భోజనాలు మొదలయ్యాయి.

ఆయన ముందుగా లేచారు. పసుపంటిన కుడిచేత్తో, ఎడమచేతిలో చెంబుతో, వరండా వైపు నడిచారు. నయోమి విస్తరిలో చెయ్యి ఆపేసి వెనకే వెళ్ళింది. భుజంమీద శాలువా జారిపోతోంది. చెంబు కుండీమీద వంగింది.

"సాలు బాబూ."

ఆయన తిరిగి చూశారు.

"సాలు. ఇంక పొయ్యకండి. అది సచ్చిపోద్ది."

"నీళ్ళేగా నయోమీ?"

"నీళ్ళే బాబూ."

చెంబు అలాగే గాలిలో ఉండిపోయింది. ఆయన ముఖంలో కోపం కోసం ఆమె వెతికింది. దొరకలేదు.

"మా అమ్మ మమ్మల్నందర్నీ అరటి మొదట్లోనే చేతులు కడగమనేది," అన్నారాయన నెమ్మదిగా. "నీరు వృథా పోకూడదని. నీకో బకెట్టు మోత తప్పుతుందనుకున్నాను ఇన్నాళ్ళూ. చెప్పొద్దూ మరి?"

గుమ్మంలో నిలబడ్డ హైమవతి పకపకా నవ్వింది. "పుణ్యమనుకుని చారుపోశారా దానికి? విస్తరి కూడా వెయ్యలేకపోయారా!"

నయోమి నవ్వలేదు. తాను నీళ్ళు పోసే కుండీ గనుక ఎంగిలికి తగినదని ఆయన అనుకుంటున్నారని, ఇన్నాళ్ళూ ఆమె లోలోపల ఒక బరువు మోసింది. అది ఇప్పుడు దిగిపోయింది. తలమీది బిందె దించినప్పుడు మెడ తేలికపడినట్టు తేలికపడింది. అలాగని ఆయన ఉద్దేశం మంచిదైనంత మాత్రాన వేరు కుళ్ళకుండా ఆగలేదు. అడగకుండా చేసే దయ ఆ కార్యాలయంలో రెండు రూపాల్లో ఉండేది: ఒకటి గోడగడియారం, రెండోది చారునీళ్ళు.

ఆయన చెంబు గట్టుమీద పెట్టి, ఎడమచేతి వేలు మట్టిలో దించారు. "ఎంత లోతు?"

"ఇంకొంచెం. ఆ. తడి తగిలితే ఒగ్గేయండి."

"తగిలింది."

"అయితే ఈ వారం దాని జోలికి ఎల్లకండి."

ఆయన వేలు తుడుచుకున్నారు. అప్పుడడిగారు, నిన్ననే అడగవలసిన మాట: "అసలు నీకేం కావాలి నయోమీ?"

ఆమె జారిన శాలువాను భుజంమీదికి లాక్కుంది. "ఏటీ వద్దు బాబూ. మోకాళ్ళు లాగుతున్నాయి. కూకోవాలనుంది."

హైమవతి తన కుర్చీ తెచ్చి వరండాలో వేసింది. తన మొక్కల ఎదుట నయోమి ఆ కార్యాలయంలో మొదటిసారి కుర్చీలో కూర్చుంది. ఎవరూ ఆమెను ఏ పనికీ పిలవలేదు.

సాయంత్రం చెల్లెలి ఊరికి వెళ్ళే సంతబొమ్మాళి బస్సు గేటుముందే ఆగింది. పోలారావు సంచీ అందించి, గడియారాన్ని ఆమె ఒళ్ళో పెట్టాడు. బస్సు కదులుతుంటే ఏదో గుర్తొచ్చి అరిచాడు:

"అప్పా! నీ డబ్బా మరిసిపోయావు!"

"మరవలేదురా," అంది నయోమి కిటికీలోంచి. "ఉండనీ. మోసింది సాలు."

ఆ మాట ఈసారి సులువుగా వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని సీటుకు ఆనుకుంది. బస్సు మలుపు తిరిగింది.

కత్తిమొక్క ఇప్పుడు కుండీ నిండా ఉంది. ఏదో పనిమీద మీరు ఆ వరండాలో నిలబడవలసి వస్తే, జాలిపడి గబుక్కున నీళ్ళు పోయకండి. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే, అడుగున చిల్లులున్న ఆ డాల్డా డబ్బాను, ఆమె వదిలివెళ్ళిన ఆ మేకుకే తిరిగి తగిలించండి.