హెచ్చారు మేడం మాట

పెగడపల్లి దేవదాసు బిడ్డ సౌమ్యకు సిరిసిల్లల హెచ్ఆర్ ఆఫీసరు కొలువు దొరికినప్పుడు, గా కొలువంటే ఏందో ఇంట్ల ఎవ్వరికి తెల్వలేదు. దేవదాసు జగిత్యాల మార్కెట్ల హమాలి. మూటలు మోసీ మోసీ మెడ ఒకదిక్కు ఒరిగింది. "గక్కడ ఏం చేస్తవు బిడ్డా?" అని అడిగిండు.

"మనుషులను పనిల పెట్టుకునుడు, వాళ్లకు పని నేర్పిచ్చుడు, వాళ్ల కష్టం ఇని పై సార్లకు చెప్పుడు."

దేవదాసు "అయితే మంచి పనే. మా కష్టం ఇనేటందుకు గట్ల ఎవ్వరు లేకుండిరి" అన్నడు.

సౌమ్యకు సుత అది ఒట్టి కొలువు కాదు. వరంగల్ల ఎమ్మెస్‌డబ్ల్యూ చదివినంక తోటోళ్లందరు సర్కారు పరీక్షల ఎంబడి పడ్డరు. సౌమ్య చర్చిల మోకాళ్ల మీద కూసోని, నన్ను ఏడ వాడుకుంటవో ఆడికే తీస్కపో అని దేవుణ్ని అడిగింది. చిన్నప్పటి నుంచి తల్లి ఎల్లవ్వ ఎంబడి ప్రార్థన కూటాలకు పోయి, ఏడ్చేటోళ్ల పక్కన సప్పుడు లేకుండ కూసునుడు నేర్చుకున్న పిల్ల. ఎదుటి మనిషి నోరు ఇప్పేదాక ఆగుడు, ఇప్పినంక ఆ మనిషి మాటలకెళ్లే దారి తీసుడు ఆమెకు అబ్బిన విద్య. గా విద్య దేవుడిచ్చిండనే ఆమె నమ్మకం. గా నమ్మకంతోనే కొలువుల చేరింది.

కంపెనీ తంగళ్ళపల్లి దాటినంక ఉంటది. రెడీమేడ్ బట్టలు కుడుతరు. పనికి వచ్చేటోళ్లు ఎక్కువ సిరిసిల్ల పద్మశాలి ఆడోళ్లు. అంతదాక ఇంట్ల బీడీలు చేసుకునో, దారం కండెలు చుట్టుకునో బతికినోళ్లు. గండ్ల నీల ఒకతి. ఆమె పెనిమిటి మల్లయ్య ఆసామి కాడ కూలికి సాంచాలు, గవే కరెంటు మగ్గాలు నడుపుతడు. పొద్దంత గా సాంచాల మోతల ఉండి ఉండి ఇంట్ల సుత గట్టిగనే మాట్లాడుతడు. నీల అంత మెల్లగ మాట్లాడుతది.

కొత్తల సూపర్‌వైజరు ఒర్రితే నీల బాత్రూంలకు పోయి ఏడ్చేది. సౌమ్య ఆమెకు ధైర్యం చెప్పలేదు. తిండి టైముల క్యాంటీన్ ఎనుక కూసోబెట్టుకొని, "నీలక్కా, ఆయనకు ఏం చెప్పాలనుకుంటున్నవో ముందుగాల నాకు చెప్పు" అన్నది. నీల చెప్పింది. మల్ల చెప్పుమన్నది. గొంతు వణుకుడు ఆగేదాక చెప్పిచ్చింది. ఓ దినం సూపర్‌వైజరు ఒర్రవట్టంగనే నీల మిషిన్ ఆపి లేచి, "తప్పేందో చెప్పండ్రి సార్, దిద్దుకుంట. ఒర్రితే నాకు చేతులు ఆడయి" అన్నది. ఏడాది తిరిగేసరికి ఒక లైను మొత్తం నీల చేతుల పెట్టిన్రు. గప్పటి సంది ఆడోళ్లందరికి హెచ్చారు మేడం మాటంటే మాటే. మొగోళ్లతోని పంచాయితున్నా, పిల్ల బడి మానుతనన్నా ఆమె కాడికే వచ్చేటోళ్లు.

గంతల సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగినయి, బడులు బందయినయి, ఆఫీసులకు తాళాలు పడ్డయి. చౌరస్తాల టెంటు ఏసిన్రు. సాంచాలు బంద్ పెట్టి మల్లయ్య పొద్దుగాలనే పోయి టెంటుల కూసునేటోడు. కంపెనీ సుత మూసిన్రు. సౌమ్య మనసు సమ్మె దిక్కే ఉండె. తెలంగాణ రావాలని ఆదివారం ప్రార్థనల అందరితోని అడిగిన మనిషే.

మూసి పది దినాలు దాటినంక జీఎం సారు పిలిచిండు. హైదరాబాద్ మనిషి, మర్యాదస్తుడు, ఎన్నడు గొంతు లేపడు.

"సౌమ్యా, ఆర్డరు పోతే ఈ యూనిట్టే మూసేస్తారు. ఒక్క లైను వాళ్లు వచ్చినా సరుకు పంపేయొచ్చు. వాళ్లు నా మాట వినరు, నీ మాట వింటారు."

"తొవ్వల ఏమన్న అయితే, సార్?"

"వ్యాన్ మనది, బాధ్యత మనది. నా మాటగా చెప్పు. ఇంకోటి, హైదరాబాద్ ఆఫీసులో ట్రైనింగ్ మేనేజర్ కావాలి. సూపర్‌వైజర్లందరికీ కోచింగ్ ఇవ్వాలి. నీ పేరే చెప్పాను."

సౌమ్య ఎన్నొద్దుల నుంచో కోరుకుంటున్న పని అది. ఒర్రకుండ, తిట్టకుండ పని చేయించుడు ఎట్లనో అన్ని యూనిట్ల సూపర్‌వైజర్లకు నేర్పే పని. రూముకు వచ్చి తలుపేసుకొని ప్రార్థన చేసింది. కండ్లు తెరిచేసరికి గుండెల బరువు దిగినట్టయింది. అదే జవాబు అనుకున్నది. ఆశ తీరుతదంటే సుత మనిషికి గట్లనే తేలికయితదని గప్పుడు ఆమెకు తోచలేదు.

తెల్లారి ఇల్లిల్లు తిరిగింది. నీల ఇంటికి పోతే అత్త లసుమవ్వ గడపల కూసోని బీడీలు చేస్తున్నది. నీల పెరట్లకు తీస్కపోయింది.

"మా ఆయన టెంటుల ఉండె, నేను పనికి ఎట్ల రావాలె మేడం? నలుగురు ఏమంటరు?"

"కంపెనీ మూతపడితే ఇంతమంది మల్ల బీడీల కాడికే పోవాలె నీలక్కా. ఒక్క దినం పని. తెల్లారేసరికే బండి వస్తది, ఎవ్వరికి ఎర్కగాదు."

"ఆయనకు చెప్తే పోనియ్యడు."

"అయితే చెప్పకు. తల్లిగారింటికి పోతున్నవని చెప్పు."

నీల ఆమె మొకంల మొకం పెట్టి చూసింది. "మీరు చెప్తున్నరు కాబట్టి వస్త" అన్నది.

మరునాడు ఇంకా తెల్లారకముందే సౌమ్య హాలు తెరిపియ్యాలని తన స్కూటీ మీద ముందుగాల పోయింది. మిషిన్ల మీది బట్టలు తీసి, లైట్లు ఏయించి, గేటు కాడ నిలబడ్డది. వ్యాను రాలేదు. ఫోను వచ్చింది. వ్యాను డ్రైవరు చేసిండు, పేరు ఆనందం. గొంతు సగం సగం ఇనిపించింది. మానేరు వంతెన కాడ జనం ఆపిన్రట, రాళ్లు పడ్డయట, నీల కంటికి దెబ్బ తాకిందట.

సిరిసిల్ల దవాఖానల చూసి కరీంనగర్ తీస్కపొమ్మన్నరు. కరీంనగర్ల డాక్టరు ఎడమ కన్ను తీసెయ్యాలన్నడు.

ఆపరేషన్ గది బయట మల్లయ్య గోడకు ఆనుకొని కూసున్నడు. గప్పటిదాక తిట్టుతడని, కొట్టినా కొట్టుతడని అనుకుంట వచ్చిన సౌమ్య ఆయన ముంగట నిలబడ్డది. మల్లయ్య తల లేపలే.

"దొంగతనంగ పనికి పోతున్నరు, సమ్మెను చెడగొడుతున్నరు అని ఎవడో అన్నడు. అందరం ఉరికినం" అన్నడు. ఎన్నడు లేంది గొంతు మెల్లగ వచ్చింది. "అద్దాలకు పరదాలు ఏసి ఉండె. లోపల ఎవలున్నరో కనబడలే. నేను సుత ఒక రాయి ఇసిరిన మేడం. ఎవని రాయి తాకిందో ఎట్ల తెలుస్తది? తల్లిగారింటికి పోయిందనుకున్న."

సౌమ్య ఆయనకు ఇంత దూరంల కూలబడ్డది. గా అబద్ధం చెప్పుమన్నది తనే అని ఆడనే చెప్పింది. మల్లయ్య ఆమె దిక్కు చూసి, లేచి బయటికి పోయిండు.

మూడో దినం జీఎం సారు పిలిపిచ్చిండు. ఆయన కండ్లు సుత నిద్ర లేక ఎర్రగున్నయి. "ఆ రోజు కంపెనీకి సెలవు. వాళ్లంతట వాళ్లు ఎక్కడికో వెళ్తున్నారు. అంతే చెప్పాలి. నీలతో నువ్వు మాట్లాడు, ఆ ఇంట్లో ఎవరికైనా తర్వాత ఉద్యోగం ఇద్దాం. నెమ్మదిగా చెప్పు, నీకు చేతనవుతుంది."

"బాధ్యత మనదన్నరు సార్."

"అన్నాను. పైవాళ్లు ఒప్పుకోలేదు."

సౌమ్య లేచి, స్కూటీ మీదనే పెగడపల్లి పోయింది. తండ్రికి అంతా చెప్పింది. ప్రార్థన చేసిన, జవాబు వచ్చిందనే అనుకున్న, గందుకే పిలిచిన అన్నది. ఎల్లవ్వ లోపల ఏడుస్తున్నది.

"దేవుడు పొమ్మన్నడని అనుకున్నవు. మంచిదే" అన్నడు దేవదాసు. "మరి గా బండిల నువ్వెందుకు కూసోలే బిడ్డా?"

ఆయన కోపంతోని అడగలే. తెలుసుకునేటందుకే అడిగిండు. హాలు తెరిపియ్యాలె గదా అనబోయి సౌమ్య ఆగిపోయింది. తాళం చెయ్యి వాచ్‌మెన్ కాడ సుత ఉండె.

జరిగింది చెప్పేటందుకు సౌమ్య కార్మిక శాఖ ఆఫీసుకు పోతే తాళం ఉండె. వాళ్లు సుత సమ్మెల ఉండిరి. సమ్మె విరమించినంక, చలి మొదలయినంక విచారణ పెట్టిన్రు. సౌమ్య నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. పిలుచుమన్నది జీఎం, మాటిచ్చింది జీఎం, ఇంటింటికి పోయి పిలిచింది నేను, ఇంట్ల చెప్పకుమన్నది నేను. జీఎం సారు నిమ్మళంగ, ఆమె అత్యుత్సాహంతో చేసింది, నేను ఎవరినీ పిలవమనలేదు అన్నడు. డ్రైవరు ఆనందం ఎటూ చెప్పలే. కడమ ఆడోళ్లు తలలు దించుకున్నరు, వాళ్లకు కొలువులు కావాలె.

ఆఖరికి నీలను అడిగిన్రు. కంటికి తెల్లగుడ్డ కట్టుకొని వచ్చింది.

"నిన్ను పనికి రమ్మన్నది ఎవరమ్మా?"

"సౌమ్య మేడం."

"కంపెనీ పెద్ద సారు నీతో ఏమన్న అన్నడా?"

"ఆయనను నేను చూడనే లేదు. మేడం రమ్మన్నది, వచ్చిన."

అందుల ఒక్క మాట సుత అబద్ధం లేదు. గొంతు వణకలే. క్యాంటీన్ ఎనుక నేర్పినట్టే నిలబడి చెప్పింది. గా మాటతోని కంపెనీ ఒడ్డున పడ్డది. తప్పంతా హెచ్ఆర్ ఆఫీసరుదని సౌమ్యను కొలువులకెళ్లి తీసేసిన్రు. నీలకు దవాఖాన ఖర్చు తప్ప ఏం రాలే. నీల ఇంటోళ్లు లేబర్ కోర్టుల కేసు ఏసిన్రు. అది వాయిదాల మీద నడిచింది.

చాన దినాలు సౌమ్య ప్రార్థన చేయలేకపోయింది. మోకాళ్ల మీద కూసుంటది, మాట రాదు. తల్లి పక్కకు వచ్చి కూసుంటది, లేచి పోతది. ఏడాదికి కోరుట్లల ఒక ప్రైవేటు దవాఖానల నర్సుల, ఆయాల డ్యూటీలు చూసే పని దొరికింది. జీతం సగం. మొదట్ల అందరికి అనుమానమే, సిరిసిల్లల ఏమయిందో ఆ నోట ఈ నోట తెలిసి ఉండె. ఒక ఆయా అయితే మొకం మీదనే అన్నది, "మీరు చెప్తే ఇంటిమి, ఆగమయితిమి అని అక్కడోళ్లు అంటరంట గదా." సౌమ్య అవునన్నది.

శనివారాలు చర్చి పక్క గదిల, పనుల కోసం పట్నం పోయే ఆడపిల్లలకు ఇంటర్వ్యూలు నేర్పుడు మొదలుపెట్టింది. ఎట్ల కూసోవాలె, ఎట్ల జవాబియ్యాలె అనేది జరంతనే నేర్పేది. ఎదురు అడుగుడు ఎక్కువ నేర్పేది. ఎవరు రమ్మంటున్నరు, ఎందుకు రమ్మంటున్నరు, ఏమన్న అయితే ఎవరు నిలబడుతరు? ముంగట నేనున్న అనుకొని నన్నే అడుగుండ్రి అనేది. పిల్లలు సిగ్గుపడుకుంట అడిగేటోళ్లు. జవాబు సక్కగ లేదంటే ఒప్పుకోవద్దు అని మల్ల అడిగిచ్చేది. ఓసారి ఒక పిల్ల, "హైదరాబాద్ల కొలువు వచ్చింది మేడం, పోవాల్నా వద్దా? మీరు ప్రార్థన చేసి చెప్పుండ్రి" అన్నది. "ప్రార్థన చేస్త. చెప్ప మాత్రం చెప్ప" అన్నది సౌమ్య. గా పిల్ల చిన్నబుచ్చుకొని పోయింది, మల్ల రాలే.

నెలకోసారి సిరిసిల్ల పోయి నీలను చూసి వచ్చేది. మొదట్ల తలుపు తియ్యలే. తర్వాత తర్వాత లసుమవ్వ లోపలికి రానిచ్చింది. నీలకు ఒంటికన్నుతోని దారం సూదిల పడక కుట్టుడు బందయింది, ఇంట్ల కండెలు చుట్టుతున్నది. మల్లయ్య టెంటు దిక్కు మల్ల పోలే. తాగుడు ఎక్కువయింది. పెండ్లాం దిక్కు నిలబడి చూడలేకపోతున్నడని లసుమవ్వ అన్నది.

తెలంగాణ వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఏడ చూసినా గులాల్, డప్పులు. గా దినాలల్లనే సౌమ్య నీల ఇంటికి పోయింది. గల్లీల పటాకులు కాలుస్తున్నరు. మల్లయ్య లోపల తలుపేసుకొని పండుకున్నడు. నీల చెయ్యి ఆపకుండ కండె చుట్టుతున్నది.

సౌమ్య ఎదురుంగ కూసోని, కేసు సంగతి, కొత్త వకీలు సంగతి, సర్కారు మారింది గనుక అర్జీ పెట్టుకోవచ్చని మెల్లగ, సముదాయించుకుంట చెప్పవట్టింది. నీల ఇనుకుంట ఇనుకుంట చెయ్యి ఆపింది.

"మీరు మంచిగ మాట్లాడుతరు మేడం. గందుకే మీరు మాట్లాడితే నాకు భయమయితది."

లసుమవ్వ చాయ్ తెచ్చి ఇద్దరి నడుమ పెట్టింది. బయట పటాకులు ఆగినయి, మల్ల మొదలయినయి. చాయ్ తాగి సౌమ్య లేచింది.

"మల్ల నెల వస్తరా?" అన్నది నీల, తల లేపకుండనే.

"వస్త."

"ఏం మాట్లాడకుండ ఉంటెనే రాండ్రి."

మల్ల నెల సౌమ్య పోయింది. నీల పక్కన కింద కూసోని, దారం చిక్కులు ఇప్పి అందిచ్చుకుంట పొద్దుగూకేదాక ఉన్నది. ఇద్దరు ఒక్క మాట అనుకోలే.