పక్కింటోడి మీద కుళ్ళు

వైర్‌లెస్ పర్యవేక్షణ శాఖలో ఆయన్ని అందరూ యాంటెన్నా గారనేవారు. మనిషి సన్నగా పొడుగ్గా ఉండి, చివర్లో కాస్త వంగి ఉంటాడు. అదొక కారణం. ఎవడైనా లైసెన్సు లేకుండా రేడియో పెట్టి గాల్లోకి మాటలు వదిలితే, ఆ తరంగం తోక పట్టుకుని వాడి ఇంటిదాకా వెళ్ళిపోతాడు. అది రెండో కారణం. తరంగం పట్టడం వచ్చు గానీ ఇంట్లో ఆవిడ అంతరంగం పట్టడం రాదని కూడా చెప్పుకునేవారు, ఆయన సెలవు పెట్టిన రోజు చూసి.

ఆయనకు జోకులు వేయడమని రెండో ఉద్యోగం ఒకటుంది. జీతం లేని కొలువు, పైగా సెలవుల్లేవు. మాట దొరికితే చాలు, విరిచి, మడిచి, తిరగేసి జోకు చేసేవాడు. అవి మరీ అంత చెడ్డ జోకులు కావు. చిక్కల్లా ఏమిటంటే, జోకు గమ్యం చేరకముందే ఆయనే నవ్వేసేవాడు. ఆ నవ్వు మెట్ల మీంచి ఖాళీ బిందె దొర్లినట్టు వచ్చేది. జోకులో అసలు ముక్క ఆ బిందె కింద పడి నలిగిపోయేది. విన్నవాళ్ళు "ఊ" అని ఊరుకునేవారు. ఇంట్లో ఆవిడైతే పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆ "ఊ"లో దీర్ఘం కూడా తీసేసింది.

ఆవిడ దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, బల్ల మీద కత్తెర, సుద్దముక్క, పక్కన అరచెయ్యంత రేడియో. ఓ మధ్యాహ్నం కళ్ళజోడు మరిచిపోయి ఇంటికి తిరిగొచ్చిన యాంటెన్నా గారు గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల్నించి మగగొంతు. తొందర లేని గొంతు, పొద్దుటెండలో ఆరేసిన దుప్పటిలా వెచ్చగా ఉంది. దాని వెనకాలే ఆవిడ నవ్వు. ఊపిరాడక మధ్యలో ఆగి, మళ్ళీ అందుకుని, చివర్లో "అమ్మో" అని కళ్ళు తుడుచుకునే నవ్వు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నవ్వు ఆయన చెవిన పడడం అదే మొదలు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. "ఎవడాడు?"

"పక్కింటోడు," అంది ఆవిడ ఇంకా నవ్వుతూనే.

"పక్కింట్లో ఉన్నది పళ్ళ డాక్టరు. అందరి నోళ్ళూ తెరిపిస్తాడు గానీ తన నోరు తెరవడు."

"ఆయన కాదండీ బాబూ, ఇదిగో, రేడియోలో. 'పక్కింటి రేడియో' అని కొత్తగా వస్తోంది. మాట్లాడే ఆయన్ని అందరూ పక్కింటోడనే అంటారు. నాలుగు వీధుల దాకానే వినపడుతుందట. మన వీధి అదృష్టం."

"దానికి లైసెన్సు లేదు."

"నేను నవ్వడానికుందా? పట్టుకెళ్ళండి."

"నవ్వుకి కాదే, ప్రసారానికి లైసెన్సు కావాలి."

"సంసారానికి తీసుకున్నాంగా, రిజిస్టరాఫీసుకెళ్ళి మరీ. ఏం, అందులో ఏమన్నా నవ్వొచ్చిందా?"

అది ఆయన వేయాల్సిన జోకు. ఆవిడ వేసింది. అదీ మిషను తొక్కడం ఆపకుండా.

గదిలో నిజంగా మగమనిషే ఉన్నా బాగుండేదనిపించింది యాంటెన్నా గారికి. మనిషైతే మెడ పట్టుకుని గెంటొచ్చు. ఇది ఉత్త గొంతు. మెడ లేని గొంతుని ఎక్కడని పట్టుకుంటాం?

ఆ రోజునుంచి ఆయనకు తిన్నది ఒంటబట్టలేదు, కట్టుకున్న బట్టా ఒంటబట్టలేదు. ఓ సాయంత్రం గొంతు బాగా కిందికి దించి, నెమ్మదిగా, "కాసిని మంచినీళ్ళు... ఇస్తావా?" అన్నాడు.

"జలుబు చేసిందా? పసుపు వేసి పాలు కాచిస్తానుండండి," అంది ఆవిడ.

పాలు తాగేసి, మర్నాడు ఆఫీసుకెళ్ళి మేడమ్ ముందు నిలబడ్డాడు. మేడమ్ అంటే ఆ శాఖకు పెద్ద. కళ్ళజోడు మీంచి మనుషుల్ని, కళ్ళజోడులోంచి కాయితాల్ని చూసే మనిషి.

"పక్కింటి రేడియో మీద మనకు ఫిర్యాదేమీ రాలేదు కదండీ," అందావిడ. "విమానాలకి అడ్డం రాలేదు, అంబులెన్సులకి అడ్డం రాలేదు. ముందు మామూలుగా హెచ్చరిక నోటీసు ఒకటి వేద్దాం."

"చట్టం చట్టమే మేడమ్. గాలి ప్రభుత్వానిది. అంతరాయం కలుగుతోంది."

"ఎవరికి?"

"ప్రజలకి."

"ఏ ప్రజలకి?"

తలుపు దగ్గర తాళంచెవి తిప్పుకుంటూ నిలబడ్డ వ్యాను డ్రైవరు, "ఆ ప్రజలు ఈయనే అయ్యుంటారు మేడమ్," అని గొణిగాడు. యాంటెన్నా గారికి వినపడింది. మేడమ్‌కీ వినపడింది. చివరికి, మీ గోల పడలేకపోతున్నాను, వెళ్ళండని సంతకం పెట్టేసింది.

దొంగ రేడియోని పట్టే పద్ధతి చూడ్డానికి తేలికే. వ్యాను నెత్తిన తిరిగే యాంటెన్నా ఒకటుంటుంది. ఒకచోట ఆగి, దాన్ని తిప్పుతూ, మీటరులో ముల్లు ఎటువైపు బాగా లేస్తోందో చూసి మ్యాపు మీద గీత గీయాలి. వేరే వీధికెళ్ళి ఇంకో గీత. మరో వీధిలో మరోటి. గీతలన్నీ ఎక్కడ కలిస్తే దొంగ అక్కడున్నట్టు. ముల్లు చూసేటప్పుడు మాత్రం మాటలు వినకూడదు. వింటూ కూచుంటే చెయ్యి ఆగుతుంది, ముల్లు తప్పుతుంది. అందుకని చప్పుడు తగ్గించుకుంటారు. సాక్ష్యానికి కావలసినదంతా రికార్డరు తనంతట తానే ఎక్కించుకుంటుంది. మిగతా అధికారులు చప్పుడు తగ్గించేవారు. యాంటెన్నా గారు పూర్తిగా నొక్కేసేవాడు. ఆ రోజు మరీ కసిగా నొక్కాడు, మీట విరగలేదు గానీ.

మొదటి గీత పడింది. రెండో వీధికి వెళ్ళేటప్పుడు డ్రైవరు ఊరుకోలేక చప్పుడు పెంచాడు. పక్కింటోడు మాట మధ్యలో ఉన్నాడు.

"...ఇంట్లో ఆవిడా కుడుతుంది, దోమా కుడుతుంది. తేడా ఏమిటంటే..."

అక్కడ ఆగాడు. ఏమీ అనలేదు, నవ్వలేదు. గాల్లో ఉత్త నిశ్శబ్దం. డ్రైవరు స్టీరింగు మీదికి వంగాడు.

"...దోమ కొలతలు తీసుకోదు."

డ్రైవరు వ్యాను పక్కకు తీసి ఆపేశాడు. నడపలేకపోయాడు పాపం, కళ్ళలో నీళ్ళు. "కొలతలంట సార్! దోమంట!"

"ఆ జోకు నాది!" అని అరిచాడు యాంటెన్నా గారు.

"మీదా?"

"మొన్న టీ కొట్టు దగ్గర నీకే చెప్పాను కదరా!"

"అదా సార్ ఇది? అప్పుడు నాకు మీ నవ్వొక్కటే వినపడింది."

చప్పుడు నొక్కేసి యాంటెన్నా గారు కళ్ళు మూసుకున్నాడు. ఆ జోకు మొదట పుట్టింది ఇంట్లో, భోజనం దగ్గర. విన్నది ఆవిడ. తర్వాత విన్నది ఈ డ్రైవరు, వీడికేమో జోకే వినపడలేదట. మరి అది పక్కింటోడి నోట్లోకి ఏ దారిన వెళ్ళింది? ఉన్నది ఒకటే దారి, అది తన ఇంటి గుమ్మంలోంచే పోతుంది. జోకే వెళ్ళిందంటే ఇంకేమేం వెళ్ళాయో! ఆయనవి కుళ్ళు జోకులని ఆఫీసంతా అనేది. ఇప్పుడు జోకు తాజాగా ఉంది, దాన్ని కన్నవాడే కుళ్ళిపోతున్నాడు.

మిగతా గీతలన్నీ చప్పుడు లేకుండానే గీశాడు. పెన్సిలు మొన మాత్రం రెండుసార్లు విరిగింది.

గీతలు కలిసింది ఓ పరుపుల కొట్టు మీద. పోలీసుని వెంటబెట్టుకుని మేడెక్కారు. గదిలో గోడలకు పాత పరుపులు నిలబెట్టి ఉన్నాయి, లోపలి మాట బయటికి పోకుండా. బల్ల మీద ట్రాన్స్‌మీటరు, మైకు, ఫోను. ట్రాన్స్‌మీటరు తీగ కిటికీలోంచి పోయి బట్టలారేసే తాడులో కలిసిపోయింది. మైకు ముందు కూచున్నవాడు ఆ కొట్టువాడే. పరుపులు కుడతాడు. ఇతనూ కుట్టేవాడేనా అని యాంటెన్నా గారి గుండె ఇంకోసారి భగ్గుమంది. బట్టతల, బాన పొట్ట, కనుబొమల మీద దూది. అందగాడై ఉంటే ఆ అందాన్ని తిట్టుకుని సరిపెట్టుకునేవాడు. ఇందులో తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు.

"రండి సార్, కూర్చోండి," అన్నాడు పక్కింటోడు, అదే గొంతుతో. పోలీసు నిజంగానే కూర్చున్నాడు.

"ఆ దోమ జోకు ఎక్కడిది?"

"ఒకావిడ ఫోన్ చేసి చెప్పారు సార్. మేం కుట్టుమిషనమ్మ అంటాం. రోజూ చేస్తారు. సగం రేడియో ఆవిడే నడుపుతున్నట్టు లెక్క. అసలు ఆవిడ ఏమన్నారంటే సార్..."

"ఏమన్నా నాకక్కర్లేదు!"

"అది కాదు సార్, ఆవిడ వాళ్ళాయన గురించి..."

"నోరుమూసి మైకు ఇటివ్వు!"

పక్కింటోడు మైకు తీసి ఇచ్చాడు, నిద్రపోతున్న పసిబిడ్డని అందించినట్టు. "ఆ తాడు మీద దుప్పటి ఒకటుంది సార్, కస్టమర్ది. అది తీసి ఇక్కడ పెట్టి మిగతాది పట్టుకెళ్ళండి," అన్నాడంతే.

ట్రాన్స్‌మీటరుకు సీలు పడింది. ఆ గెలుపు ఆఫీసు మెట్ల దాకా నిలిచింది. ఎందుకంటే ఆ శాఖలో ఒక పద్ధతుంది. పట్టుకున్న అధికారి రికార్డింగు మొత్తం, ఒక్క ముక్క వదలకుండా, పై అధికారి ఎదుట విని సంతకం పెట్టాలి. తను చప్పుడు నొక్కేసిన భాగాలు కూడా.

మేడమ్ గదిలో రికార్డింగు పెట్టారు. డ్రైవరు గుమ్మంలో చేరాడు. అతని వెనక మిగతా ఆఫీసు చేరింది. మొదట ఎవరిదో పెళ్ళిరోజు శుభాకాంక్షలు. తర్వాత ఫోను మోగింది.

"ఆఁ, కుట్టుమిషనమ్మా, చెప్పండి."

"ఇందాక మీకు విడిగా చెప్పాను చూడండి, ఆ దోమది. అది మీరే చెప్పండి, నేను చెబితే పాడైపోతుంది," అంది యాంటెన్నా గారి భార్య. గొంతు ఆయనకు తెలిసింది. ఆయన ముఖం చూసి ఆఫీసుకీ తెలిసిపోయింది.

"మీరు కట్టినదేనా అమ్మా?"

"నాకంత తెలివెక్కడిదండీ! మా ఆయనది. ఇన్నాళ్ళూ మీకిచ్చినవన్నీ ఆయనవే. మంచి జోకులండీ. ఆయన చెప్పినప్పుడు ఎవరికీ వినపడవు, ముందే ఆయన నవ్వేస్తారు. గాల్లో కలిసిపోతున్నాయని బాధేసి, పోనీ గాల్లోనే వదుల్దామని మీకు చెబుతున్నాను."

"ఆ మాట ఆయనతోనే అనొచ్చు కదమ్మా?"

"చిన్నబుచ్చుకుంటారండీ. రోజంతా అక్కడ ముల్లు చూసి చూసి వస్తారు. ఆ నవ్వొక్కటే ఆయన సుఖం. దాన్ని కాస్తా ఎలా కత్తిరించను?"

తర్వాత పక్కింటోడు దోమ జోకు చెప్పాడు. ఆగాల్సినచోట ఆగాడు. ఆఫీసంతా ఒక్కసారిగా గొల్లుమంది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అన్నేళ్ళ ఉద్యోగంలో యాంటెన్నా గారి జోకుకి ఆఫీసు నవ్వడం అదే మొదలు, ఆ నవ్వులో ఆయనొక్కడే నవ్వలేదు.

"అక్రమ ప్రసారానికి సరుకు అందించినవాళ్ళ సంగతి కూడా మనం చూడాలి కదండీ?" అంది మేడమ్.

"మేడమ్..."

"నేను చూడను లెండి. మొదటి తప్పు. ఆ పరుపులాయన్ని హెచ్చరించి, లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోమని చెప్పండి. మీరే వెళ్ళి చెప్పండి."

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో మిషను చప్పుడొక్కటే ఉంది. రేడియో పెట్టే ఉంది గానీ, అందులోంచి ఉత్త బుస్సుమనే గాలి.

"పట్టుకున్నారట," అంది ఆవిడ తలెత్తకుండా. "వీధంతా చెప్పుకుంటున్నారు."

"నేనూ విన్నాను. మొత్తం. ఒక్క ముక్క వదలకుండా."

మిషను ఆగింది.

"నాతో అనాల్సింది," అన్నాడాయన.

"అంటే మానేసేవారా?"

ఆయన స్టూలు లాక్కుని కూచున్నాడు. కాసేపు కత్తెర వైపు చూశాడు. "కత్తెర ఉంది చూశావూ," అన్నాడు. "అది ఎన్ని బట్టలు కత్తిరించినా..." అని ఆగాడు. లోపల బిందె మొదటి మెట్టు మీదికి వచ్చేసింది. పెదాలు బిగించాడు. బుగ్గలు ఉబ్బాయి, చెవులు ఎర్రబడ్డాయి, మెడ నరం ఒకటి లేచింది. "...తను మాత్రం... ఒక్క చొక్కా... తొడుక్కోదు."

ఆవిడ నవ్వింది. జోకుకో, ఆ ముఖానికో తెలీదు గానీ నవ్వింది, మధ్యలో ఊపిరాడక ఆగింది, మళ్ళీ అందుకుంది. ఆయన చెవులు రిక్కించి ముల్లు చూసినట్టు చూశాడు. చివర్లో "అమ్మో" రాలేదు.

"వాడు చెప్పి ఉంటే ఇంకా ఎక్కువ నవ్వేదానివి."

"అవును," అంది ఆవిడ. "ఆ గొంతు గొంతే."

"లైసెన్సుకి పెట్టుకోమని రేపు చెప్పొస్తాను. వస్తే రేడియో నడుపుకోనీ. జోకు ఎవరిదో మాత్రం పేరు చెప్పి మరీ చెప్పమను."

ఆవిడ దారం కొరికి, ఆయన ముఖంలోకి చూసింది. "దోమే నయం. అది ఒళ్ళంతా వెతికి కుడుతుంది. మీకు తిన్నగా కన్నే కుడుతుంది, కొలతలైనా లేకుండా."

యాంటెన్నా గారు నోరు తెరిచాడు. ఈసారి బిందెను ఎవరూ ఆపలేకపోయారు. పళ్ళ డాక్టరు కిటికీ తెరిచి చూసేంతగా నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి ముఖం ముడుచుకున్నాడు. తన జోకులన్నిటికంటే ఇది బాగుంది.

"ఇది మాత్రం వాడికి చెప్పకు," అన్నాడు.

ఆవిడ ఫోను వైపు ఓసారి చూసి, మిషను తొక్కడం మొదలుపెట్టింది.